బడికి వెళ్లని అవ్వకు 11 మార్కులు: మాట నేర్పు, మతిమరుపు జబ్బు గురించి ఒక కేసు

నేపథ్యం

నెల్లూరు జిల్లాలో వినికిడి పరీక్షలు, మాటకు సంబంధించిన చికిత్సలు చేసే స్పీచ్ థెరపిస్టుగా నా దగ్గరకు వచ్చే వృద్ధుల్లో ఎక్కువమంది చెవుడు గురించి వచ్చేవారే. మతిమరుపు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది, అది కూడా వెంట వచ్చిన కొడుకో కోడలో చెబితేనే. ఈ కేసును రాయడానికి కారణం ఉంది. ఇందులో ఒక మనిషికి చిన్నప్పటి నుంచి ఉన్న మాట నేర్పు రోగనిర్ధారణను రెండుసార్లు, రెండు వైపులకు, తప్పుదారి పట్టించింది. మొదట ఆ నేర్పును ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల జబ్బు ఉన్నదానికంటే చాలా ముదిరినట్టు కనిపించింది. తర్వాత అదే నేర్పు ఉన్న జబ్బును కప్పిపెట్టింది. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలను కొన్ని తీసివేశాను, కొన్ని మార్చాను.

ఆమెను ఇక్కడ అవ్వ అనే అంటాను. వయసు డెబ్బై అయిదు దాటింది. పెన్నా డెల్టాలో వరి పండే పల్లెలో పుట్టింది, బడి గడప తొక్కలేదు, ఇప్పటికీ సంతకం చేయాల్సిన చోట వేలిముద్రే వేస్తుంది. చిన్న వయసులోనే పెళ్లయి భర్తతో మద్రాసు చేరింది. అక్కడ చాలా ఏళ్లు కూరగాయలు అమ్మి, తమిళం ధారాళంగా మాట్లాడటం నేర్చుకుంది. భర్త పోయాక సొంత జిల్లాకు తిరిగి వచ్చి చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. షుగరుకు పదేళ్లకు పైగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది.

వచ్చిన సమస్య

కొడుకు ఆమెను తీసుకొచ్చింది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం. శిబిరానికి వెళ్లేముందు చెవుడు ఎంత ఉందో తెలుసుకుందామని ఆయన ఉద్దేశం. వివరాలు అడుగుతుంటే, "చెవుడొకటే కాదు మేడమ్, మతిమరుపు జబ్బు కూడా ఉందని చెప్పేశారు" అంటూ వేరేచోట ఏడాది కిందట చేసిన పరీక్ష కాగితం చూపించాడు. ముప్పై మార్కుల మానసిక స్థితి పరీక్షలో అవ్వకు వచ్చింది 11. దాని కింద డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని రాసి, దానికి వాడే డోనెపెజిల్ అనే మందు మొదలుపెట్టారు. అప్పటి నుంచి తగ్గకపోగా పెరిగిందని ఇంట్లోవాళ్ల బాధ. అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతోంది, పగలంతా కునికిపాట్లు పడుతోంది, రాత్రిళ్లు లేచి తిరుగుతోంది, వీధి అరుగు మీదకు వెళ్లడం మానేసింది, మూత్రం ఆపుకోలేకపోతోంది.

ఆ 11 మార్కులను నేను నమ్మకపోవడానికి కారణం అవ్వే. కుడిచెవి దగ్గరగా వంగి, నింపాదిగా, ఒక్కో మాట విడదీసి మాట్లాడితే ఆమె నాతో బేరానికి దిగింది. హియరింగ్ ఎయిడ్ ధర విని, "ఇంత పెట్టెకు ఇన్ని వేలా పాపా? సగం ఇప్పుడిస్తా, చెవి ఇనపడినాక మిగతా సగం తీసుకో" అంది. వస్తువు పనిచేస్తుందో లేదో తెలియకముందే పూర్తి డబ్బు ఇవ్వకూడదనే తర్కం, వాయిదా ప్రతిపాదన, ఎదుటి మనిషి ముఖం చూసి మెత్తబరచడం ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. నిజంగా 11 మార్కుల స్థాయికి చేరిన డిమెన్షియాలో ఇలాంటి సంభాషణ సాధారణంగా సాధ్యం కాదు. అంటే తప్పు మనిషిలోనైనా ఉండాలి, కొలతలోనైనా ఉండాలి.

కొలతను పరిశీలించడం

ఆ పరీక్ష కాగితాన్ని ఒక్కో అంశంగా చూశాను. చదివి ఆ ప్రకారం చేయమనే ప్రశ్న, ఒక వాక్యం రాయమనే ప్రశ్న, రెండు ఐదుభుజాల బొమ్మలను చూసి గీయమనే ప్రశ్న, వందలోంచి ఏడేసి తీసివేయమనే లెక్క: వీటన్నిటికీ సున్నా. పెన్సిలు పట్టని చేతికి ఆ మార్కులు ఆరోగ్యంగా ఉన్నప్పుడైనా వచ్చేవి కావు. చదువురాని వృద్ధుల విషయంలో ఇది కొత్త సంగతేమీ కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన పరిశోధకులు 1990లలోనే ఈ పరీక్షను మార్చి, చదవడం, రాయడం అక్కరలేని హిందీ రూపాన్ని తయారుచేశారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో మేధాసామర్థ్య పరీక్షల సంపుటి కూడా సిద్ధమైంది. అయినా జిల్లా స్థాయిలో ఇప్పటికీ చేతికందేది పాత కాగితమే.

రెండో లోపం అంతకంటే మౌలికమైనది. గుర్తుంచుకోమని చెప్పే మూడు మాటల్లో ఒకటైన "నాణెం" అనే మాటను నేను మామూలు గొంతుతో చెప్పినప్పుడు అవ్వ "ప్రాణం" అని తిరిగి చెప్పింది. చెవికి చేరని మాటను గుర్తుంచుకోలేదని మార్కులు తీసేయడంలో అర్థం లేదు. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేది సన్నగా, కీచుగా ఉండే శబ్దాలు. అచ్చులు వినపడుతూనే ఉంటాయి, హల్లులు జారిపోతాయి. అందుకే ఇంట్లోవాళ్లు "పిలిస్తే పలుకుతుంది, చెప్పింది మాత్రం అర్థం చేసుకోదు" అంటారు, దాన్ని బుద్ధిలోపంగా తీసుకుంటారు.

మూడోది మందులు. ఇంటి నుంచి మందుల కవరు మొత్తం తెప్పించి చీటీలను తేదీల వరుసలో పేర్చాను. డోనెపెజిల్ మొదలైన కొద్ది వారాలకు మూత్రం ఆపుకోలేకపోవడం వచ్చింది. అది ఆ మందుకు తెలిసిన దుష్ఫలితమే. దానికి మరోచోట ఆక్సీబ్యూటినిన్ రాశారు. నిద్ర పట్టడం లేదంటే ఇంకొకరు అమిట్రిప్టిలిన్ కలిపారు. ఈ రెండూ మెదడులో జ్ఞాపకశక్తికి తోడ్పడే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకునే మందులు, డోనెపెజిల్ పెంచాలని చూసేది ఆ అసిటైల్‌కోలిన్‌నే. వృద్ధుల్లో వీటివల్ల మగత, అయోమయం, మతిమరుపు పెరుగుతాయి. మందులు మార్చడం నా పరిధిలోది కాదు కాబట్టి, తేదీల పట్టికతో సహా ఒక ఫిజీషియన్‌కు ఉత్తరం రాశాను. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడినవారిలో తగ్గే అవకాశం ఉన్న బి12ను, థైరాయిడ్‌ను కూడా చూడమని కోరాను.

వెంటనే మరో జ్ఞాపకశక్తి పరీక్ష చేయమని కొడుకు అడిగాడు. చేయలేదు. చెవి, మందులు, రక్తం ఈ మూడూ చక్కబడకముందు ఏ పరీక్ష చేసినా ఇంకొక తప్పుడు అంకె ఫైలులో చేరుతుంది, ఆ అంకె మనిషి వెంట ఏళ్ల తరబడి తిరుగుతుంది.

చేసినవి, ఫలించనివి

ఈఎన్‌టీ డాక్టరు రెండు చెవుల్లోనూ గట్టిపడిన గుబిలి తీశాక వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ చేశాను. మెరుగైన చెవిలో సగటు నష్టం 56 డెసిబెల్స్. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం రెండు చెవుల్లోనూ కనీసం 60 ఉండాలి కాబట్టి సర్టిఫికెట్ ప్రసక్తి అక్కడితో ముగిసింది. కొడుకు నిరాశపడ్డా, చికిత్స మానలేదు.

చెవి వెనక పెట్టే రెండు యంత్రాలను ఆడియోగ్రామ్ సూచించిన పూర్తి స్థాయిలో ఇచ్చాం. అది పనిచేయలేదు. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడిన చెవికి వంటింట్లో మిక్సీ, గిన్నెల మోత ఒక్కసారిగా వచ్చి పడేసరికి అవ్వ వాటిని తీసి బియ్యం డబ్బాలో దాచింది. కీళ్లనొప్పులున్న వేళ్లతో గింజంత బ్యాటరీని మార్చడమూ ఆమెకు సాధ్యం కాలేదు. రెండోసారి ఒక్క చెవికే, తక్కువ స్థాయిలో, జేబులో పెట్టుకునే పాత రకం యంత్రం ఇచ్చాను. పెన్సిల్ సెల్లుతో నడుస్తుంది, చక్రం తిప్పి శబ్దం తగ్గించుకోవచ్చు. ఈ కాలంలో దాన్ని ఎవరూ ఇష్టపడరు. పట్నంలో ఉండే మనవరాలు ఫోన్‌లో నన్ను దాదాపు నిలదీసింది. కానీ తన చేత్తో తాను అదుపు చేసుకోగల వస్తువునే అవ్వ వాడుతుంది. మొదట సాయంత్రాలు వరండాలో, ఒక్కరే ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు మాత్రమే పెట్టుకోమన్నాను. అలా నిలబడింది.

బొమ్మల కార్డులతో చేసిన మాటల అభ్యాసం కూడా ఫలించలేదు. గీతలతో వేసిన చేట బొమ్మను చూసి "ఏదో ముగ్గు" అంది. అసలు చేట చేతికిస్తే పేరు చెప్పడమే కాక, అది వెదురుదా ఈతాకుదా అని అంచు తడిమి చూసింది. చదువుకోనివారు గీతల బొమ్మలను గుర్తించడంలో వెనకబడతారు, నిజమైన వస్తువుల విషయంలో వెనకబడరు అని పోర్చుగల్‌లో చేసిన పరిశోధనలు ఎప్పుడో చూపాయి. అక్కడే జంతువుల పేర్లు చెప్పమంటే తడబడిన నిరక్షరాస్యులు దుకాణంలో దొరికే సరుకులు చెప్పమన్నప్పుడు చదువుకున్నవారితో సమంగా చెప్పారు. అవ్వ విషయంలోనూ అదే జరిగింది. జంతువుల దగ్గర నాలుగైదుకు ఆగిపోయిన మనిషి, కూరగాయల పేర్లు అనగానే నిమిషంలో ఇరవైకి పైగా చెప్పింది, అదీ మార్కెట్లో గుట్టలు పోసిన వరుసలో, మధ్యమధ్య తమిళంలోకి దూకుతూ.

ఇంట్లోవాళ్లు తమంతట తాము చేస్తున్న ఒక పనిని మాత్రం గట్టిగా మాన్పించాల్సి వచ్చింది. పిల్లలు రోజూ "జేజీ, నేనెవరో చెప్పు" అంటూ పరీక్ష పెడుతున్నారు. జవాబు తట్టక ఆమె బెదిరిపోతోంది, బెదిరి మౌనంగా ఉంటోంది, ఆ మౌనాన్ని జబ్బు లెక్కలో వేస్తున్నారు.

చిన్ననాటి భాషను ఎక్కడ వెతకాలి

ఈలోగా నన్ను వేధించిన ప్రశ్న వేరు. వృద్ధాప్యంలో మెదడు ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి మనిషి యవ్వనంలోని భాషాశక్తి ముఖ్యమైన ఆధారమని చెప్పే పరిశోధనల్లో ప్రసిద్ధమైనది అమెరికాలోని సన్యాసినుల అధ్యయనం. డేవిడ్ స్నోడన్ 1986లో మొదలుపెట్టిన ఆ పనిలో ఒకే సంఘానికి చెందిన 678 మంది క్రైస్తవ సన్యాసినులు పాల్గొని, మరణానంతరం తమ మెదడును పరీక్షించడానికి ఒప్పుకున్నారు. వారిలో 93 మంది, సగటున 22 ఏళ్ల వయసులో సంఘంలో చేరేటప్పుడు రాసిన స్వీయచరిత్రలను తీసుకుని, పది మాటల్లో ఎన్ని భావాలు ఇమిడాయో, అంటే భావసాంద్రత ఎంతో, లెక్కించారు. దాదాపు 58 ఏళ్ల తర్వాత చేసిన పరీక్షల్లో, నాడు భావసాంద్రత తక్కువగా ఉన్నవారికే తక్కువ మార్కులు రావడం కనిపించింది. 1996లో ఈ ఫలితాలు ప్రచురించేనాటికి మరణించిన 14 మందిలో, భావసాంద్రత తక్కువగా ఉన్నవారందరి మెదళ్లలోనూ అల్జీమర్స్ రుజువైంది, ఎక్కువగా ఉన్నవారిలో ఒక్కరికీ లేదు. 14 మంది చాలా చిన్న సంఖ్య. పైగా ఆ పలుచని రాత, జబ్బును తట్టుకునే నిల్వశక్తి మెదడులో తక్కువని చెబుతోందా, లేక జబ్బు అప్పటికే నెమ్మదిగా మొదలైందని చెబుతోందా అనేది తేలలేదు. అయినా ఆ సన్యాసినుల్లో చాలామంది చదువుకున్న ఉపాధ్యాయినులే, తిండీ జీవనమూ దాదాపు ఒకటే కాబట్టి, ఆ తేడాను చదువు, సంపదల మీదకు నెట్టేయడం సులభం కాదు.

మన పల్లెల్లో అవ్వ వయసు ఆడవాళ్లకు 22 ఏళ్లప్పుడు రాసిన కాగితం ఎక్కడిది? కాగితం లేదని భాషాశక్తే లేదనుకోవడం మన ఆసుపత్రుల్లో మామూలైపోయింది. "విద్య: లేదు" అని రాసి తర్వాతి గడికి వెళ్తాం. ఆ గడి దగ్గర ఆగడమే ఈ కేసులో అన్నిటికంటే ఉపయోగపడిన పని. అవ్వ చెల్లెల్ని, ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లను అడిగాను. పెళ్లికి ముందే నాట్లు వేసే గుంపుకు ముందుండి పాట ఎత్తుకునేదట, ఉన్న పాటకు ఆ పూట సంగతులు అల్లి కొత్త చరణాలు కట్టేదట. సంక్రాంతి నెలలో గొబ్బి పాటలకు ఆమె లేకపోతే ఆట సాగేది కాదు. పొడుపు కథల్లో ఆమెను ఓడించినవాళ్లు లేరు. మద్రాసులో ఆరు నెలలు తిరక్కుండానే తమిళంలో బేరమాడింది. ఇదంతా యవ్వనంలోని భాషాశక్తే.

ఈ ఆలోచనకు మన పక్కనే ఆధారం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. అంటే ఆ లాభం బడి వల్ల వచ్చింది మాత్రమే కాదు. అందుకే అవ్వ ఫైలులో "విద్య: లేదు" కింద, "చిన్ననాటి నుంచి మౌఖిక భాషలో అసాధారణ నేర్పు; రెండు భాషలు" అని రాశాను. ఆ ఒక్క వాక్యం ఆ తర్వాత నా నిర్ణయాలను మార్చింది.

మెరుగు, దాని వెనక మరుగు

ఫిజీషియన్ డోనెపెజిల్, ఆక్సీబ్యూటినిన్ ఆపించి, అమిట్రిప్టిలిన్ క్రమంగా తగ్గించారు. బి12 బాగా తక్కువగా తేలడంతో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొన్ని వారాల్లో పగటి మగత పోయింది, మూత్రం సమస్య తగ్గింది, అవ్వ మళ్లీ అరుగు మీద కూర్చోసాగింది. వినికిడి యంత్రం పెట్టి, చదవడం రాయడం అక్కరలేని పద్ధతిలో పరీక్ష చేస్తే పాత అంకెకు దాదాపు రెట్టింపు వచ్చింది. "జబ్బే లేదన్నమాట" అన్నాడు కొడుకు, సంతోషంగా.

నేను ఒప్పుకోలేదు. అంత నేర్పున్న మనిషి మాట బాగుందంటే, ఆమె విషయంలో దానితో తేలేది చాలా తక్కువ. ఆ అనుమానం నాకు కలిగింది ఒక చిన్న జవాబు దగ్గర. పొద్దున ఏం వండారని అడిగితే అవ్వ, "ఏముందమ్మా, ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి" అంది. గదిలో అందరూ నవ్వారు. నవ్వులో ప్రశ్న కొట్టుకుపోయింది. గమనిస్తే అలాంటి జవాబులు చాలా ఉన్నాయి. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఎంత ఇచ్చారు అనే ప్రతి ప్రశ్నకూ సామెతో, ఎదురు ప్రశ్నో, చమత్కారమో వస్తోంది. వివరం రావడం లేదు.

మనవరాలి ఫోన్‌లో అయిదారేళ్లుగా అవ్వ పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయని తెలిసింది. సన్యాసినుల స్వీయచరిత్రల స్థానంలో మాకు దొరికింది అవే. పాతవాటిలో ఒకటి విన్నాను. ఊళ్లో జరిగిన నిశ్చితార్థం గురించి చెబుతూ, ఎవరి మేనల్లుడు, ఏ ఊరు, ఎవరు అలిగారు, ఎందుకు అలిగారు, చివరికి ఎవరు సర్దిచెప్పారు అన్నదంతా ఒక్క ఊపిరిలో, ఒక విషయంలో మరొకటి ఇమిడ్చి చెప్పింది. ఇటీవలివాటిలో ధాటి అదే, నవ్వు అదే, కానీ "వాడొచ్చినాడు, ఆమె ఏందో అనింది, మళ్లా అదే" అన్నట్టుగా పేర్లు పోయి సర్వనామాలు మిగిలాయి; వాక్యాలు ఒకదానిలో ఒకటి ఇమడకుండా పక్కపక్కన నిలబడ్డాయి. తెలుగులో ఒక్క క్రియాపదంలోనే చాలా సంగతి ఇముడుతుంది కాబట్టి పది మాటల లెక్కను యథాతథంగా వాడలేం. అందుకే భావసాంద్రతకు అంకె వేయకుండా, పేర్లు, సర్వనామాలు, ఇమిడిన ఉపవాక్యాలు మాత్రం రెండు కాలాలకూ పోల్చాను. తేడా స్పష్టంగా ఉంది.

ఆ తర్వాత చేసిన పరీక్ష చాలా సాదా. ఆమెకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథ ఒకటి చెప్పమన్నాను. ఒక్క మలుపు తప్పకుండా చెప్పింది. అంతే నిడివి ఉన్న కొత్త కథ నేను చెప్పి, వెంటనే తిరిగి చెప్పించుకుని ఆమె దాన్ని సరిగ్గా విన్నదని నిర్ధారించుకున్నాను. ఇరవై నిమిషాల తర్వాత ఆ కథ అడిగితే, నేను కథ చెప్పిన సంగతే ఆమెకు గుర్తులేదు. ఎప్పుడో పాతుకుపోయిన భాష అలాగే ఉంది, కొత్తది నిలవడం లేదు. నెల్లూరులోని న్యూరాలజిస్టు ఎంఆర్ఐ చేయించి, కొత్త జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగమైన హిప్పోక్యాంపస్ కుంచించుకుపోవడాన్ని గుర్తించి, తొలిదశ అల్జీమర్స్ అయి ఉండవచ్చని నిర్ధారించారు.

సన్యాసినుల అధ్యయనంలోనే, మెదడులో అల్జీమర్స్ గుర్తులు ఉన్నా బతికున్నంతకాలం లక్షణాలు కనబడనివారి యవ్వనపు రాతలో భావసాంద్రత ఎక్కువగా ఉందని 2009లో వెల్లడైంది. భాషాశక్తి నష్టాన్ని ఆపకపోయినా, నష్టం పైకి తేలకుండా చాలాకాలం మోస్తుందనే ఆలోచనతో అది సరిపోతుంది. దాని రెండో వైపును కుటుంబానికి ముందే చెప్పాలి. ఇలాంటివారిలో లక్షణాలు బయటపడేసరికి లోపల జబ్బు చాలా దూరం వచ్చి ఉండవచ్చు, ఆ తర్వాతి దిగుడు వేగంగా ఉండవచ్చు. కాబట్టి ఇల్లు, బ్యాంకు ఖాతా వంటి విషయాల్లో అవ్వ ఇష్టాన్ని ఆమె నోటితోనే చెప్పించుకుని కాగితం మీద పెట్టుకోవాల్సింది ఇప్పుడేనని కొడుకుతో అన్నాను. ఆయన రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు, తర్వాత లాయరును కలిశాడు.

ఇప్పుడు జరుగుతున్నది

న్యూరాలజిస్టు డోనెపెజిల్‌ను తక్కువ మోతాదులో మళ్లీ మొదలుపెట్టారు. మూత్రం సమస్య మళ్లీ కొద్దిగా వచ్చింది, ఈసారి దానికి మందు కాకుండా రెండు గంటలకోసారి బాత్రూంకు తీసుకెళ్లే పద్ధతి పెట్టారు. సాయంత్రం వరండాలో పక్కింటి పిల్లలకు పొడుపు కథలు వేయడం అవ్వ పని. అది ఆమె జబ్బును ఆపుతుందని నేను చెప్పలేదు, యంత్రం వాడటానికి అదొక కారణం. మాటతో చేసే పనుల్లో ఆమెనే ముందుంచమనీ, వివరం కావాల్సిన చోట మాత్రం ఆమె మాట మీద ఆధారపడవద్దనీ కోడలికి చెప్పాను. ఇప్పుడు "మాత్ర వేసుకున్నావా" అని అడగడం మానేసి కోడలు మాత్రల డబ్బా గడిని తెరిచి చూస్తోంది.

ఆరు నెలలకోసారి అవ్వ చేత పాత కథ ఒకటి, నిన్నటి రోజు గురించి రెండు నిమిషాల మాట ఒకటి రికార్డు చేస్తున్నాం. ఈమధ్య చేసినదానిలో పాత కథ అలాగే ఉంది, నిన్నటి రోజులో పేర్లు ఇంకొంచెం తగ్గాయి. చెవి యంత్రం కోసం వచ్చే అరవై దాటిన మిగతావారి దగ్గర కూడా, మతిమరుపు ఫిర్యాదు ఉన్నా లేకపోయినా, మొదటి రోజే ఈ రెండు రికార్డులూ తీసుకుని, చిన్ననాటి పాటలు, కథలు, నేర్చిన భాషల వివరాలతో కలిపి ఫైలులో ఉంచుతున్నాను.